పాత పేరు మీద కొత్త సరుకు

నవంబరు 4, మంగళవారం

రెండు రోజులుగా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మనిషితో చెబితే సగం చెప్పి సగం దాస్తాను. కాగితం దగ్గర ఆ అలవాటు లేదు. అందుకే ఇవాళ మొదలుపెట్టాను.

విషయం ఇది. మనవరాలు సింధు నన్నొక మాట అడిగింది. తెలిసినదానిలా జవాబిచ్చాను. అది తప్పేమో.

ఆదివారం జమ్మికుంట దగ్గరి జిన్నింగ్ మిల్లు నుంచి దానికి ఫోను. సింధు వాళ్లు పంపిన కొత్త మీటర్లు పాతవాటికన్నా పత్తిలో తేమ ఎక్కువ చూపిస్తున్నాయట. అప్పటి నుంచి అది సరిగా తినడం లేదు. నేనూ అంతే, కానీ నా కంచం ఎవరూ చూడరు.

నవంబరు 5

వరుసలో రాస్తేనే నాకు అర్థమవుతుంది.

సింధు పనిచేసేది కరీంనగర్‌లో, రాజేందర్ వర్క్‌షాపులో. వారంలో నాలుగు రోజులు ఇక్కడే, మంచిర్యాలలో — నా భోజనాల బల్లే ఆఫీసు. వాళ్లు చేసేది పత్తిలో తేమ చూసే మీటరు. లోపల చిన్న కంప్యూటరు. తనకు ఏ భాగాలు బిగించారో ఆ కంప్యూటరుకే తెలియదట. ఒక వివరణ రాసివ్వాలి, ప్రతి భాగానికీ పేరు పెట్టాలి. కంప్యూటర్‌ను నడిపించే మూలాన్ని కెర్నెల్ అంటారు. అది లోకమంతటికీ ఉమ్మడి. సింధు పెట్టిన పేర్లు అందులోకి వెళ్తాయి.

"ఒక్కసారి పోయినంక మార్చరు అమ్మమ్మా. గా పేరు నమ్ముకొని ఎవరెవరో మిషన్లు చేసుకుంటరు. మనం మారిస్తే వాళ్లయి ఆగిపోతయ్."

ఈ పద్ధతి నాకు నచ్చింది. ముప్పై ఏళ్లు గని స్టోర్సులో రిజిస్టర్లు రాసినదాన్ని.

నవంబరు 6

సింధు పంపే కాగితాలు సరిచూసే పెద్దమనిషి ఎక్కడో పరదేశంలో ఉంటాడు. ముక్తసరి మనిషి. రెండు వాక్యాలకు మించి రాయడు. మొదటిసారి తేమ కొలిచే భాగానికి జమ్మికుంట పేరు పెట్టి పంపింది. తిప్పి పంపాడు — భాగం చేసే పని ఏమిటో పేరులో ఉండాలి, అది ఉండే ఊరు కాదు. సబబే. బోల్టును బోల్టు అనాలి, రెండో గని బోల్టు అంటే రేపు మూడో గనికి ఎట్లా పంపుతారు?

తర్వాత అసలు పేరు. కంపెనీ పేరు ముందు, తర్వాత ఒక కామా, ఆ వెనుక మోడల్ నంబరు. నవ్వాను. మన ఇంటిపేరు లాగే, ఇల్లు ముందు, మనిషి తర్వాత. "గంతే అమ్మమ్మా," అని అదీ నవ్వింది. ఇద్దరం కలిసి నవ్వింది అదే ఆఖరు.

తేమ కొలిచే చిప్‌లు రెండు రకాలున్నాయి. మొదటిది దొరకక రాజేందర్ వేరే కంపెనీది తెచ్చాడు. రెండింటికీ కలిపి ఒకే పేరు రాసి, నంబరు చివర ఎక్స్ పెట్టింది. మళ్లీ తిరిగొచ్చింది. ఎక్స్ అనే చిప్‌ను ఎవరూ తయారు చేయరు, ఉన్నదాని పేరే రాయమన్నాడు.

నవంబరు 7

చపాతీలు మాడాయి.

నవంబరు 8

ఇక నా వంతు రాయాలి.

మూడోసారి రాసేటప్పుడు అడిగింది. రెండో చిప్‌కు సొంత పేరు ముందు రాసి, దాని వెనుక మొదటి చిప్ పేరు రాయవచ్చట. అంటే — ఈమె ఎవరో తెలియకపోతే ఆమె అనుకుని పని చేయించుకో, తేడా రాదు — అని హామీ. పెద్దమనిషి ఒకటే ప్రశ్న వేశాడు: రెండూ ఒకటేనని పరీక్షించావా?

సింధు పరీక్షించలేదు. రాజేందర్ తొందరపెడుతున్నాడు. రెండు చిప్‌లూ నా అరచేతిలో పెట్టింది. ఒకే ఆకారం, ఒకే కాళ్లు.

"రాసెయ్యే. ఆకారం ఒకటే, పని ఒకటే. స్టోర్సుల మేమట్లనే రాస్తుంటిమి," అన్నాను.

పరీక్షించాననే రాసింది. కింద సంతకం పెట్టింది. కెర్నెల్ వాళ్లు తీసుకున్నారు.

మేమట్లనే రాస్తుంటిమి — నిజమే. అడిగిన కంపెనీ సరుకు రాకపోతే, వచ్చినదాన్ని 'బదులు' అని పాత పేజీలోనే ఎక్కించేవాళ్లం. కొత్త పేజీ తెరవాలంటే మూడు సంతకాలు కావాలి. ఎవరు తిరుగుతారు?

నవంబరు 9, ఆదివారం

సింధుతో పాటు మిల్లుకు వెళ్లాను. వద్దంది. వెళ్లాను.

ఒకే గుప్పెడు పత్తి. పాత మీటరు తొమ్మిది శాతం చూపింది. కొత్త మీటరు పదమూడు. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అంతే. పన్నెండు దాటితే మిల్లు కొనదు. పోయిన వారం కొత్త మీటరు చూసి వెనక్కి పంపిన రైతు ఇవాళ మళ్లీ అదే బండితో వచ్చి ఉన్నాడు. పెద్దాయన, తల మీద తువ్వాల.

"పత్తి గదే, నేను గదే. మీ మిషినే రెండు మాటలు మాట్లాడుతున్నది బిడ్డా," అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

కారులో సింధు చెప్పింది. కొత్త మీటర్లలో ఉన్నది రెండో చిప్. అది అంకెలు వేరే కొలతలో ఇస్తుందట. మొదటి చిప్ పేరు వెనుక ఉంది కాబట్టి కంప్యూటరు పాత కొలతలోనే లెక్క కట్టింది. తప్పు చిప్‌ది కాదు. పేరుది.

నవంబరు 10

రాజేందర్ ఫోను. స్పీకరులో పెట్టింది. పేరు తప్పని కెర్నెల్ వాళ్లకు రాస్తానంది. మన మీటరులో నాలుగు తీసేసి చూపించేటట్టు చెయ్, అయిపోతది అంటాడు. "గా కెర్నెలోళ్లకు నువ్వెందుకు రాస్తవ్? మన పరువు మనమే తీసుకుంటమా? నీ పేరు జిందగీ అంత గాడనే ఉంటది చూడు."

అది నిజమే. ఆ ఉత్తరాలు ఎవరైనా చదవవచ్చు, ఎప్పటికీ ఉంటాయి. రాస్తే ఉద్యోగం ఉంటుందో లేదో.

వచ్చే ఆదివారం ఆ కెర్నెల్ విడుదల. అంతలోపు చెబితే దిద్దుతారు. దాటితే ఆ పేరు అలాగే నిలిచిపోతుంది. ఇంకెక్కడో ఇంకెవరో అదే చిప్ బిగించి, దాని మాట నమ్ముతారు.

నవంబరు 11

నాలుగు తీసేస్తే సరిపోతుందా అని అడిగాను. తడి పత్తికి తేడా ఆరు, పొడి పత్తికి మూడు అంది. అంటే సరిపోదు.

కెర్నెల్ వాళ్లకు రాయమని చెప్పబోయి, గిన్నెలు తోమడానికి లేచాను.

నవంబరు 12

కూరగాయల దగ్గర ఓదెలు కనిపించాడు. గని ల్యాంపు రూములో దీపాలు ఛార్జింగు పెట్టినవాడు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాడు. "మంచిగున్నరా మేడమ్? రిజిస్టర్ల మీ రాత ఇంక యాదికున్నది నాకు. ఎంత సాఫ్ ఉండె."

వంకాయలు తీసుకోకుండానే వచ్చేశాను.

ఒక ఏడాది, గనిలో దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే క్యాప్ ల్యాంపులకు వేరే కంపెనీ బ్యాటరీలు వచ్చాయి. నేనే పాత పేజీలో ఎక్కించాను. వాటికి ఛార్జింగు ఎక్కువ గంటలు కావాలి. పేరు పాతదే కాబట్టి ఓదెలు పాత గంటల ప్రకారమే పెట్టాడు. షిఫ్టు మధ్యలో దీపాలు మసకబారాయి. మనుషులు గోడ పట్టుకుని బయటికొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు — ఈ వాక్యం ఎన్నేళ్లు చెప్పుకున్నానో నాకే.

విచారణలో నన్ను అడిగారు. రిజిస్టరు చూపించాను. ఒకే పేరు, ఒకే పేజీ. ఓదెలును నిర్లక్ష్యం కింద సస్పెండు చేశారు. తన చేతిలో ఉన్నది వేరే సరుకని వాడికి ఇప్పటికీ తెలియదు.

సాఫ్ రాత.

నవంబరు 13, గురువారం

సింధు ఉత్తరం రాసి పెట్టుకుంది. చదివి వినిపించింది. నేను పరీక్షించకుండానే పరీక్షించానని చెప్పాను, తప్పు నాది — అని ఉంది. నా ఊసు లేదు. నా మాట కూడా రాయమన్నాను. "సంతకం నాది కదా అమ్మమ్మా," అంది. పంపలేదు. కంప్యూటరు మూసి కిటికీ దగ్గర నిలబడింది. "నువ్వయితే పంపుతవా?" అంది, ఇటు తిరక్కుండానే.

జవాబు ఇక్కడ రాస్తున్నాను.

1. ఆదివారం లోపు ఆ ఉత్తరం వెళ్లాలి.
2. రెండో చిప్‌కు దాని పేరు ఒక్కటే ఉండాలి. వెనుక ఉన్న పాత పేరు తీసెయ్యాలి.
3. మిల్లులో కొత్త మీటర్లు పక్కన పెట్టించాలి. రాజేందర్ ఒప్పుకోకపోతే మిల్లుకు నేనే ఫోను చేయాలి.
4. బ్యాటరీల సంగతి చెప్పడానికి ఓదెలు ఇంటికి వెళ్లాలి. ఒక్కదాన్నే.
5. నాలుగోది నేను చేయకుండా ఒకటోది సింధును అడగకూడదు. ఆదివారానికి ముందు మిగిలినవి శుక్రవారం, శనివారం.