మీ అన్నయ్య అడిగిన మాట

అమ్మా మౌక్తికా,

తొంభై మూడు ఆగస్టు పందొమ్మిదిన, మీ అన్నయ్యకు డౌన్ సిండ్రోమ్ అని డాక్టరు చెప్పాక, మీ అమ్మా నేనూ ఆసుపత్రి మెట్ల మీద ఒకే పొట్లంలో మరమరాలు తిన్నాం. పుట్టకముందే తెలుసుకునే వీలు మాకు లేకపోయింది. నీకుంది.

నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఇడ్లీలు మూతపెట్టి ఉంచాను. తిని, ఉమ్మనీటి పరీక్షకు మీ ఆయనతో టాక్సీలో వెళ్ళు. ఫలితం ఏదైనా, బిడ్డను ఉంచుకోవాలో వద్దో మీరిద్దరే తేల్చుకోండి. మీ అన్నయ్యను చూసి మొహమాటపడకు. మీ అమ్మ ఉంటే ఇంకా బాగా చెప్పేది.

– నాన్న

ఇది రాయకూడదనుకున్నాను. నిన్న మన మాటలు వాడు విన్నాడు. "నాలాటోడైతే వద్దేటి, నాన్నా?" అన్నాడు. వాడికి మంచినీళ్ళ గ్లాసు అందించాను. తాగి, "సెల్లి తొంగుంది" అంటూ నీ గది తలుపు చప్పుడు కాకుండా మూశాడు.