బొడ్డు మీద టేపు

హుజూరాబాద్, మంగళవారం రాత్రి

పొద్దున ప్రార్థన అయ్యాక, పొయ్యి మీద చాయ్ మరుగుతుండగా, ఫౌజు నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడు ప్రకాశం నా కుట్టుమిషను టేపు తెచ్చి ఇచ్చాడు. తిరిగి వెళ్లగానే అక్కడ మెడ, నడుము కొలిచి ఒంట్లో కొవ్వు ఎంతో అంచనా కడతారట. ఎక్కువుంటే ప్రమోషన్ ఆగుతుంది.

నేను ప్యాంటుకు కొలిచినట్టే పొట్ట కింద, బెల్టు పెట్టే చోట టేపు చుట్టాను. కొలత తక్కువే వచ్చింది. పొయ్యి దగ్గరున్న అవ్వ మురిసిపోయింది.

"గక్కడ కాదక్కా, బొడ్డు మీద కొలవాలె," అన్నాడు ప్రకాశం.

"అయితే జర కడుపు లోపలికి గుంజు బిడ్డా, ఎవరు చూస్తున్నరు?" అంది అవ్వ.

"ఎవరి కోసం గుంజాలె అవ్వా? రేపు ఫౌజుల ఈ పొట్టతోని ఉరికేది నేనే గద."

ఊపిరి వదిలి నిలబడ్డాడు. బొడ్డు మీద కొలత హద్దు మించింది. ముఖం వాడిపోయింది గానీ, ఇంకోసారి కొలవమనలేదు. నేను ఎత్తుకు తిప్పిన పిల్లవాడు నాకంటే పెద్దవాడిలా కనిపించాడు. దేవా, వాడి కష్టం వృథా కానీయకు.

సాయంత్రం, సెలవు ఇంకా ఉన్నా రేపే వెళ్లి, కొవ్వు కరిగేలా అక్కడ పరుగెత్తుతానన్నాడు. "ఈడ బాటలు లేవా?" అని అవ్వ కసిరింది. చివరికి వాడు సెలవయ్యేదాకా ఇక్కడే ఉండి పరుగెత్తాలని, వాడు తినే నెయ్యి లేని తిండే అందరం తినాలని తేల్చాం. నెయ్యి గిన్నె అవ్వే తీసుకెళ్లి పక్కింట్లో ఇచ్చి వచ్చింది.