ముందు కొడవలి

ఈదమ్మా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు పోయి ఏడాది దాటింది, ఆ పైన ఇంకో పద్దెనిమిది రోజులు. ఇన్నాళ్ళకు నీకు ఉత్తరం...

ఇది నేనే రాస్తున్నాను. నవ్వకు. మొన్న వానాకాలంలో సంఘం మనిషి ఒకాయన మన వాడకు వచ్చి, గోడ మీద బొగ్గుతో అక్షరాలు నేర్పాడు. కొడవలికి అలవాటు పడ్డ వేళ్ళు కదా, బొగ్గుముక్క పట్టుకుంటే పుటుక్కున విరిగేది. నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలుసు. "గింత మొద్దు చేతికి సదువెట్ల అంటుతదయ్యా!" అని కడుపు పట్టుకుని నవ్వేదానివి. ఒక్కసారి నవ్వరాదూ...

చెన్నమ్మ బాగానే ఉంది. మీ అమ్మ దగ్గర వదిలి వచ్చాను. పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. అచ్చం నీలాగే అడ్డంగా మాట్లాడుతుంది. అమ్మ ఎట్లా చనిపోయిందని అడిగితే, జ్వరమొచ్చిందని చెప్పాను. అబద్ధం కాదు. కానీ అది నిజమా?

యాసంగి కోతలకు మళ్ళీ వచ్చాం. కల్వకుర్తి దిక్కు నుంచి నాలుగు రోజుల నడక, నెత్తిన అవే గంపలు. నార్కట్‌పల్లి దాటాక మూసీ కాలువ కింద అదే దొర పొలాలు. నేను రానని మొండికేశాను. కానీ మన మెట్టలో ఈసారి జొన్న మూరెడు కూడా లేవలేదు. రాక ఏం తింటాం?

నీకు చెప్పాల్సింది ఒకటుంది. నీకు తెలియదనే ఏడాదంతా అనుకుంటున్నాను. తెలుసేమో...

మునుం సంగతి నీకు చెప్పడమేమిటి, నాకంటే నీకే బాగా తెలుసు. అందరం వరుసగా వంగి ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు కోసుకుంటూ పోవాలి. ముందు కొడవలిని ఎవరూ దాటకూడదు, దాని వెనక ఎవరూ మిగిలిపోకూడదు. మిగిలినవాళ్ళకు సగం కూలే. ఆ ముందు కొడవలి నాది. నేనెంత ఉరికితే మిగతా ముప్పైమందీ అంత ఉరకాలి.

పోయినేడు కోతలు మొదలైన రోజే దొర గుమాస్తా నన్ను పక్కకు పిలిచాడు. ఇంకాస్త జోరు పెంచితే రోజుకో వరి మోపు విడిగా ఇస్తానన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. సరేనన్నాను. ఆకలికి ఒప్పుకున్నానని రాస్తే వినడానికి బాగుంటుంది. కానీ అందుకు కాదు ఈదమ్మా. పాలమూరు మొత్తంలో నాలాంటి కోతగాడు లేడన్నాడు వాడు. ఆ మాటకు ఉబ్బిపోయాను. అంతే. థూ, నా బతుకు!

నువ్వు పోయిన రోజు పొద్దున్నుంచే నీ ఒళ్ళు కాలుతోంది. పైగా నీ పక్కన బాలక్క. ముసలామె చేయి ఆడక వెనకబడితే, గుమాస్తా చూడకుండా ఆమె వంతులోంచి నాలుగు పిడికిళ్ళు నువ్వే కోసేదానివి. నీకెందుకే ఆ బాధ అని కసిరితే, "రేపు మనం గిట్లనే ముసలోళ్ళం కామా?" అనేదానివి. జ్వరంలో కూడా ఆ పని మానలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. "ఓ చెన్నమ్మ నాయినా, జర మెల్లగ పోరాదు!" అని అరిచావు.

విన్నాను. వినబడలేదని అందరితో చెప్పాను కానీ, విన్నాను. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూస్తే మనలో పరువు తక్కువ కదా. అందులోనూ పెళ్ళాం పిలిస్తే తిరిగాడంటే, పొద్దుగూకేదాకా పాట కట్టి నవ్వుతారు. కొడవలి ఇంకా గట్టిగా పట్టుకున్నాను...

నువ్వు రెండోసారి పిలవలేదు. ఎందుకు పిలవలేదు? అలిగావా? గొంతు రాలేదా?

గట్టు చేరి నడుం ఎత్తేసరికి వరుసలో నీ జాగా ఖాళీగా ఉంది. బాలక్క నిన్ను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నీ పిడికిట్లో కోసిన వరి అట్లాగే ఉంది. నేను నీళ్ళు తెచ్చేలోపు... అది రాయలేను.

ఆ రోజు మోపు కూడా గుమాస్తా ఇచ్చాడు. నేను తీసుకున్నాను. మూడోనాడు పిట్టకు పెట్టిన అన్నం ఆ గింజలదే, మన దగ్గర వేరే బియ్యం లేవు. ఎంతసేపు కూర్చున్నా పిట్ట ముట్టలేదు. బిడ్డ మీద బెంగ పెట్టుకున్నావని అందరూ అన్నారు. చెన్నమ్మను మంచిగా సాకుతానని నాతో దండం పెట్టించారు. అయినా ముట్టలేదు. చివరికి ఆవుకు పెట్టి లేచాం. ఎందుకు ముట్టలేదో నాకొక్కడికే తెలుసు.

ఈసారి ఊరి నుంచి బయల్దేరే ముందు అందరినీ కూర్చోబెట్టి మోపు సంగతి చెప్పేశాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. నీ తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు, నాలుగు రోజుల దారిలో నా ముఖం చూడలేదు. బాలక్క ఒక్కతే నోరు చేసుకుంది. నన్ను తిట్టి తిట్టి అలసిపోయి, చివరికి ఒక మాట అంది. ఇకనుంచి ముందు కొడవలి జోరుగా కోసేవాడిది కాదట, అందరికంటే నెమ్మదిగా కోసేవాళ్ళదట.

ఇంత సులువు మాట ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదు?

పొలం దగ్గర గుమాస్తాకు అదే చెప్పాం. నెమ్మదైన మనిషే ముందు. ఎండ నడినెత్తికి రాగానే నీడకు పోతాం. ఒంట్లో బాగాలేనివాళ్ళు కూర్చుంటే కూలి కోయకూడదు. వాడు నవ్వాడు. తర్వాత తిట్టాడు. ఆ తర్వాత దొర గడి నుంచి కట్టెలు పట్టుకుని మనుషులొచ్చారు. నీ తమ్ముడి వీపు చూస్తే నువ్వు తట్టుకోలేకపోయేదానివి. అయినా ఒక్కరు కూడా కొడవలి పట్టలేదు. పక్క ఊరి కూలీలను పిలిపిస్తే, సంగతి విని వాళ్ళూ పొలంలోకి దిగలేదు. పండిన వరి రాలడం మొదలైంది. నాలుగోనాడు పొద్దున గుమాస్తా దారికొచ్చాడు.

మూడు రోజులు, ఈదమ్మా. మూడే రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాం. పోయినేడు కూర్చోలేకపోయామా? నువ్వు బతకడానికి మూడు రోజులు చాలేవా? సంబరంతో అందరూ ఎగురుతుంటే, నేను కాలువ గట్టు వెనక్కి పోయి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఈరోజు బాలక్క ముందు కొడవలి పట్టింది. అబ్బో, ఏం నడక అనుకున్నావు! రెండు పిడికిళ్ళు కోస్తుంది, నడుం పట్టుకుంటుంది, దొరను ఒక తిట్టు తిడుతుంది, మళ్ళీ వంగుతుంది. అయినా ఆమెను ఒక్కరూ దాటలేదు. నేను చివర నిలబడ్డాను, నువ్వుండే చోట. పరువు పాడుగాను, అడుగడుక్కీ తలెత్తి వరుసంతా చూశాను. అందరూ ఉన్నారు. నువ్వొక్కదానివే లేవు.

మనవాళ్ళకు మోపు సంగతి ఒక్కటే చెప్పాను. నువ్వు పిలిస్తే నేను విన్న సంగతి చెప్పలేదు. అది నీకే మొదట చెప్పాను. ఇక చెన్నమ్మకు చెప్పాలి. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను, కానీ అప్పటికి నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటాను, నా సంగతి నీకు తెలుసు కదా. అందుకని ఈసారి ఇంటికి పోగానే, గంప దించగానే చెబుతాను. అమ్మ పిలిచింది, నేను విన్నాను, తిరిగి చూడలేదు అని.

అది మళ్ళీ నన్ను నాయినా అని పిలవకపోయినా సరే, చెబుతాను.

కుర్మయ్య