కంప్యూటర్‌కి తొడిగిన గలీబు

హలో పెద్దమ్మాయ్, బాబాయిని. కాలేజీ నుంచి రాగానే ముందు ఇది చదువు, ఆ తర్వాతే కంప్యూటర్ దగ్గరికెళ్ళు.

దాన్ని ఆపకు. నీ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కుతోంది. రెండు రోజులుగా డెబ్బై శాతం దగ్గర బిగుసుకుపోయి ఆరిపోయేది కదా, నేను బయల్దేరేసరికి ఎనభై ఆరు దాటింది. టేబుల్ ఫ్యాన్ దానివైపే తిరగనీ. మూడింటికి పరీక్ష కాబట్టి రెండున్నరకల్లా కూర్చో. మళ్ళీ ఆగిపోతే నాకోసం చూడకుండా నీ స్నేహితురాలింటికి పరిగెత్తు. వాళ్ళమ్మతో మాట్లాడి ఉంచాను.

తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది. కొత్తది కదా, దుమ్ము పడకూడదని డబ్బాకి గలీబు కుట్టాను చూడు, సోఫాలకి వాడే మందం గుడ్డతో. ముందు బటన్‌కి కన్నం వదిలాను గానీ, వెనక గాలాడే జల్లెడంతా మూసేశాను. పొద్దున ఉతుకుదామని గలీబు తీస్తే డబ్బా ఇస్త్రీపెట్టెలా కాలింది. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను, ఊపిరాడని బట్ట కుట్టడం ఇదే మొదలు. నువ్వైనా తీసెయ్యొచ్చు కదే, బాబాయ్ బాధపడతాడని ఊరుకున్నావా?

యూనిఫారాలు ఇచ్చిరావడానికి స్కూలుకెళ్తున్నాను. లేకపోతే కదిలేవాణ్ణి కాదు.

అన్నట్టు, పాడు సరుకు అంటగట్టావని షాపతన్ని నిన్న ఫోన్లో నానా మాటలన్నాను. పరీక్షయ్యాక అతనికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పు. గలీబు సంగతి కూడా దాచకు, నవ్వితే నవ్వనీ. సాయంత్రం నేనే వెళ్ళి కనబడతాను.