సంఘం ఓట్లు

నవంబర్ 27, గురువారం

ఊరి సర్పంచ్ సీటు ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. జహీరాబాద్‌లో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్ వదిలి ఆటో దిగేసరికి పాస్టర్ ఇస్సాకు గారు, మా చర్చి సంఘ పెద్దలు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. అమ్మ వాళ్లకు చాయ్ పోస్తోంది. నన్ను నిలబెట్టాలని తీర్మానం చేశారట. సంఘంలో చదువుకున్న ఆడమనిషిని నేనే. మా వాడ ఓట్లన్నీ ఒకచోట పడితే గెలుపు ఖాయమని లెక్క చెప్పారు.

వాళ్లు కోరింది ఒక్కటే. సమాధుల తోట.

మాకు స్థలం లేదు. వాగు ఒడ్డున పాతిపెడతాం. ఆగస్టు వరదకు ఒడ్డు కోసుకుపోయి నాన్న సమాధి పోయింది. ఇంకో ముగ్గురివీ పోయాయి. వరద తగ్గాక అమ్మ రోజూ వాగు వెంట నడిచేది. ఏం వెతుకుతోందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సరే అన్నాను. చందర్ ముఖంలో భయం కనిపించింది. నా భర్తకు ఊరి రాజకీయాలంటే పడదు. ఆటో తోలుకునేవాడికి అందరూ కావాలి అంటాడు.

నవంబర్ 30, ఆదివారం

ఆరాధనలో నన్ను ముందుకు పిలిచి అందరూ ప్రార్థించారు. అమ్మ ఏడ్చింది. బయటికి వచ్చాక పాస్టర్ గారు పక్కకు తీసుకెళ్లి, ఎలక్షన్ అయ్యేదాకా ఇక చర్చికి రావద్దన్నారు.

ఎందుకో నాకూ తెలుసు. కాగితాల మీద నేను మహేశ్వరిని. హిందూ, ఎస్సీ. సంఘంలో సిస్టర్ మార్తని. మా వాడలో చాలామందికి రెండు పేర్లుంటాయి. క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ కాదంటుంది చట్టం. బాప్తిస్మానికి ముందు మమ్మల్ని ఏ గుడిలోకీ రానివ్వలేదు. తర్వాత హోటల్లో మాకు పెట్టే వేరే గ్లాసు కూడా మారలేదు. అయినా ఎస్సీ కాదట. ఏడో క్లాసుకు సివిక్స్ చెప్తాను. ఈ ముక్క మాత్రం చెప్పను.

డిసెంబర్ 2, మంగళవారం

నామినేషన్ వేశాను. పోటీకి ఎంకమ్మ. గురులింగప్ప పటేల్ పొలంలో పనిచేస్తుంది. ఊళ్లో సగం భూమి ఆయనదే. రిజర్వేషన్ వచ్చినప్పుడల్లా తన జీతగాళ్లలో ఒకరిని నిలబెట్టి, కుర్చీ వెనక తను కూర్చుంటాడు. చిన్నప్పుడు ఎంకమ్మా నేనూ ఒకే సాలులో పత్తి ఏరాం. నామినేషన్ సెంటర్ దగ్గర నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గో, నవ్వో తెలియలేదు.

డిసెంబర్ 3, బుధవారం, సాయంత్రం

ఇవాళ నామినేషన్ల పరిశీలన.

స్క్రూటినీలో గురులింగప్ప మనుషులు అబ్జెక్షన్ పెట్టారు. ఈమె కిరస్తానీ, ఎస్సీ సీటుకు పనికిరాదు అని. ఆఫీసర్ అక్కడికక్కడే పాస్టర్ గారిని పిలిపించాడు. ముందురోజే పాస్టర్ గారు నాకు ధైర్యం చెప్పి ఉన్నారు, నోటి మాట ప్రభుత్వానికి, మనసు ప్రభువుకు అని. నాకూ అది సబబుగానే తోచింది. అప్పుడు ఇంట్లో కూర్చుని ఉన్నాను కదా.

ఆఫీసర్ ముందు ఆయన తల వంచుకోలేదు. మామూలు గొంతుతోనే చెప్పారు.

“ఆమె మా సంఘం మనిషి కాదు సార్.”

తర్వాత ఆఫీసర్ నన్ను అడిగాడు.

“నేను హిందువునే సార్” అన్నాను.

సర్టిఫికెట్ ఉంది కాబట్టి నామినేషన్ ఓకే అన్నాడు. బయట మావాళ్లు చప్పట్లు కొట్టారు. అమ్మ వేపచెట్టు కింద నిలబడి ఉంది. చప్పట్లు కొట్టలేదు. ఇంటికొచ్చే దారిలో, నేను అన్నది వినబడిందా అని అడిగాను. వినబడలేదంది. కిటికీ పక్కనే ఆ చెట్టు.

డిసెంబర్ 5, శుక్రవారం

పెద్దల సలహా. జనానికి అనుమానం పోవాలంటే హనుమాన్ గుడికి వెళ్లి ప్రచారం మొదలుపెట్టాలి. బొట్టు పెట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని వెళ్లాను. పూజారి మెట్ల మీదే నిలబడి కాయ అందుకున్నాడు. నన్ను ఎక్కనివ్వలేదు. హిందువునని చూపించుకోవడానికి వెళ్లి, ఏ మెట్టు దగ్గర మా తాత ఆగాడో అక్కడే ఆగాను. దాన్ని గురులింగప్ప మనుషులు వీడియో తీశారు. సాయంత్రానికి ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

డిసెంబర్ 6, శనివారం

అమ్మ తన బియ్యం వేరే గిన్నెలో వండుకుంది.

డిసెంబర్ 9, మంగళవారం

కత్తెర గుర్తు వచ్చింది. ఎంకమ్మకు ఉంగరం.

ఈ రెండు రోజులూ బాగున్నాయి. రాయకపోతే అబద్ధమవుతుంది. బీసీల గల్లీలో ఆడవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడారు. నీళ్ల ట్యాంకు గురించి, స్కూల్ బాత్రూమ్ గురించి అడిగారు. నా దగ్గర జవాబులున్నాయి. ఎవరూ నన్ను మతం అడగలేదు. నేను మాట్లాడుతుంటే జనం వింటున్నారు! ముప్పై ఆరేళ్లలో ఈ సంగతి నాకే తెలియదు. చందర్ కూడా తన ఆటోకు కత్తెర బొమ్మ అంటించాడు.

ఎంకమ్మ ఎదురొచ్చింది. దండ వేసి, వెనక డప్పులు పెట్టి తిప్పుతున్నారు. చెప్పులు కరుస్తున్నాయట. చెవిలో చెప్పి పోయింది.

డిసెంబర్ 12, శుక్రవారం

నిన్న జహీరాబాద్‌లో పాస్టర్ల ఫెలోషిప్ మీటింగ్ జరిగింది. గురులింగప్ప వెళ్లాడు. ఆయనకు శాలువా కప్పారు. రోడ్డు పక్కన ఇరవై గుంటలు, అంటే అరెకరం, సమాధుల తోటకు రాసిస్తానన్నాడట, బోరు కూడా వేయిస్తానన్నాడట. ఎంకమ్మ గెలిస్తేనే.

చందర్ చెప్తే నమ్మలేదు. స్కూల్ నుంచి నేరుగా పాస్టర్ గారింటికి వెళ్లాను. కూర్చోమన్నారు. దాచలేదు. నేను గెలిచినా ప్రభుత్వం స్థలం ఇవ్వడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు, పటేల్ భూమి కళ్ల ముందుంది, జహీరాబాద్ నుంచి పెద్ద పాస్టర్లు మాట ఇచ్చేశారు, తను చిన్నవాడు అన్నారు. ఆయన అల్లుడికి ఫెలోషిప్ స్కూల్లో ఉద్యోగం. అది ఆయన చెప్పలేదు, నాకు తెలుసు.

నన్ను నిలబెట్టింది మీరే కదా అన్నాను. అవునన్నారు. మరి నాకు ఏం చెప్తారు అన్నాను.

“నీ కోసం ప్రార్థన చేస్తున్నం బిడ్డా” అన్నారు.

ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. దొంగ ఏడుపైతే బాగుండేది. కాదు.

డిసెంబర్ 14, ఆదివారం, ఉదయం 8

పోలింగ్ మొదలైంది. ఓట్ల కోసం ఆరాధన తెల్లవారకముందే పెట్టారు. నేను వెళ్లకూడదు కాబట్టి చందర్ వెళ్లి వెనక కూర్చున్నాడు. మనుషుల ముందు ప్రభువును కాదన్నవాళ్ల మీద పాస్టర్ గారి ప్రసంగమట. నా పేరు ఎత్తలేదట. ఎత్తాల్సిన పని లేదు. వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. కాదనమని నేర్పినవాళ్లే, కాదన్నందుకు ఓటు వేయొద్దన్నారు. చివర్లో, దేవుడు అన్యులను కూడా సాధనంగా వాడుకుంటాడని, ఉంగరం మంచి గుర్తని చెప్పారట.

చందర్ లేచి వచ్చేశాడు. అమ్మ ప్రార్థన అయ్యేదాకా ఉండి, అటునుంచే లైన్‌లో నిలబడింది.

సాయంత్రం 4

తొమ్మిది ఓట్లతో పోయింది.

బీసీల గల్లీ సగం నాకు పడింది. మా వాడ పోయింది. లెక్కపెడుతున్నప్పుడు పేపర్లు విప్పి చూపిస్తారు. ఉంగరం, ఉంగరం, ఉంగరం. అవి ఎవరి చేతులో నాకు తెలుసు. వాళ్లతో కలిసి రొట్టె తిన్నాను, వాళ్ల శవాల దగ్గర పాడాను.

డిసెంబర్ 16, మంగళవారం

స్కూల్‌కి వెళ్లాను. పిల్లలు ఏమీ అడగలేదు. ముందే చెప్పి ఉంచినట్టున్నారు.

డిసెంబర్ 19, శుక్రవారం

నేను ఓడినా గురులింగప్ప మనుషులు వదల్లేదు. నా కులం సర్టిఫికెట్ మీద పెట్టిన ఫిర్యాదు అలాగే ఉంది. తహసీల్దార్ ఆఫీసు నుంచి పిలుపు. మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. మళ్లీ అదే చెప్పాలి. లేకపోతే నా పిల్లల సర్టిఫికెట్లూ పోతాయి. పాస్టర్ గారికి ఫోన్ చేశాను. జనవరిలో మాట్లాడదాం, క్రిస్మస్ పనుల్లో ఉన్నానన్నారు.

డిసెంబర్ 25, గురువారం

అమ్మ కొత్త చీర కట్టుకుని వెళ్లింది. పిల్లల్ని కూడా తీసుకెళ్లింది. చందర్‌కు జహీరాబాద్ కిరాయి ఉంది. నేను ఇంట్లో ఉన్నాను. మైకులో పాటలు వినబడుతున్నాయి. ఇప్పుడు వస్తున్న పాటలో రెండో గొంతు ప్రతి ఏడాదీ నాది. ఈసారి ఎవరూ అందుకోలేదు. పాట బాగానే ఉంది. నేను లేకపోతే పాడవుతుందని ఎందుకనుకున్నానో.

గురులింగప్ప వచ్చి కేక్ కోశాడట. ఎంకమ్మను పక్కన నిలబెట్టారట. భూమికి హద్దురాళ్లు పాతారని ప్రకటించారు. అది సంఘ సభ్యులకు మాత్రమేనని కూడా.

డిసెంబర్ 26, శుక్రవారం

స్థలం చూసొద్దాం రమ్మంది అమ్మ. వెళ్లాను. ఎర్రనేల, చదునుగా ఉంది. వాగుకు చాలా దూరం. ఎంత వాన పడినా నీళ్లు రావు. అమ్మ చెప్పులు విప్పి లోపలికి నడిచింది. తూర్పు మూల దగ్గర ఆగి, కాలితో మట్టి గీకి చూసింది. నేను హద్దురాయి దగ్గరే ఉండిపోయాను.

నేను అడగలేదు. ఎన్నడూ అడగకూడదనుకున్నాను. తనే చెప్పింది.

“నేను ఉంగరానికే గుద్దిన బిడ్డా.”

అమ్మ నా వైపు చూడకుండానే అంది.

“నీకు అయిదేండ్లు. నాకు ఎన్నటికి. మీ నాయన లెక్క నేను కొట్కపోలేను.”

తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకోలేదు. కోపం వస్తే బాగుండేది. అమ్మ తప్పు మాట్లాడలేదు, పాస్టర్ గారూ తప్పు మాట్లాడలేదు. అందరిదీ న్యాయమే. అందులో నేను ఎక్కడున్నానో వెతికాను. దొరకలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఇద్దరికీ కలిపి వండింది. తిన్నాను. రుచి తెలియలేదు.

జనవరి 3, శనివారం

మధ్యాహ్నం ఎంకమ్మ వచ్చింది. సర్పంచ్ అయ్యాక మొదటిసారి. కుర్చీ వేస్తే కింద కూర్చుంది. ఆమె భర్త పాండు జహీరాబాద్ దవాఖానలో ఉన్నాడు. డాక్టర్లు ఆశ లేదన్నారట. పాస్టర్ గారు ఊళ్లో లేరు. గుడి మెట్ల దగ్గర మొక్కింది, దర్గాకు పోయింది. మా అమ్మే ఇక్కడికి పంపిందట.

“నీ ప్రార్థన దేవుడింటడని మీ అమ్మ చెప్పింది. జర చెయ్యి అక్కా.”

నేను క్రైస్తవురాలిని కాదని ఆఫీసర్ ముందు చెప్పాను కదా అన్నాను. నువ్వూ అక్కడే ఉన్నావు కదా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అప్పటికే కళ్లు మూసుకుంది.

నేనూ మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. ఎంకమ్మ చాలాసేపు ఆగింది. తర్వాత తనే ఆమెన్ అని, లేచి వెళ్లిపోయింది.