స్నానాల గది తలుపుకు గడియ

మార్చి 3, సోమవారం

రేపటి నుంచి స్నానాల గది పని. అత్తమ్మ అందులో జారిపడి నెల దాటింది. తుంటి నొప్పి తగ్గింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. అప్పట్నుంచీ పెరట్లో చాప అడ్డం కట్టి, పీట మీద కూర్చోబెట్టి నేనే నీళ్లు పోస్తున్నాను. నడుములు పడిపోయాయి. ఆమెకూ ఇష్టం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంటుంది, నేనెవరో పరాయిదాన్నయినట్టు.

మార్చి 4

బేల్దారి ఓబులేసు పాత నేల తవ్వాడు. బండ లేపితే పాచి కంపు. గోడల సున్నం అరచేయంత పెచ్చులుగా రాలింది. తెలుపు కింద నీలం.

"నువ్వు కాపరానికి వచ్చినప్పుడు ఏయించినాం ఆ నీలం. మళ్ళా ఎవురు పట్టించుకున్నారు?" అంది అత్తమ్మ.

పైన ఉన్న తెలుపంతా ఏటేటా నేను వేసిందే.

మార్చి 6

నాపబండలకు ఎంతవుతుందో లెక్క వేసి ఆయన ముందు పెట్టాను. చూడనే లేదు. సాయంత్రానికి పలకల ఫ్యాక్టరీ నుంచి బండి నిండా పలకరాయి దిగింది.

"మార్కాపురంలో ఉండి ఇంకో రాయి కొంటారా ఎవురన్నా? ఊరు నవ్వతాది," అన్నారు ఆయన.

చేత్తో తడిమాను. అద్దంలా ఉంది. జారుతుందేమో అన్నాను.

"నీకన్నిట్లో అనుమానమే."

మార్చి 8

బండలు పరిచారు. నునుపు మొహం పైకి. చూడ్డానికి బాగానే ఉంది, బడి తెరిచిన రోజు కొత్త పలకలా.

మార్చి 9

కూలి ఈమధ్య వచ్చిన నయాపైసల్లో చెబితే ఓబులేసు తల పట్టుకున్నాడు. "అణాల్లో చెప్పు వదినా, నా కడుపుకు అదే అర్థమైతాది."

మార్చి 11

నేల ఆరింది. అత్తమ్మ కర్రతో వచ్చి గడప దగ్గర నిలబడింది. చెంబెడు నీళ్లు పోయమంది. పోశాను. బొటనవేలు ఆనించి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"పలక మీద నీళ్లు పోసి నన్ను నిలబడమంటారా? ఈసారి నడుం గూడా ఇరగ్గొట్టుకుంటే పీడా పోతాదనా?"

బండలు తిరగేద్దాం, గరుకు వైపు పైకి వస్తుంది అన్నాను. ఓబులేసుకు రోషం వచ్చింది.

"అట్ల బోర్లేస్తే చూసినోళ్లు ఏమంటారు వదినా? పలకల ఊర్లో బేల్దారికి రాయి మొకమేదో ఈపేదో తెలీదంటారు."

"నేను నీళ్లు పోసుకునే కాడికి ఊరంతా వస్తాదా ఏందిరా?" అంది అత్తమ్మ.

మళ్లీ లేపడం. మళ్లీ దుమ్ము. రెండు బండలు పగిలాయి.

మార్చి 13

గోడలకు సున్నం నేనే కొట్టాను. కాస్త నీలిమందు కలిపాను, అత్తమ్మ అన్నదని కాదు. సగం గోడకే భుజం లేవడం మానేసింది. మిగతా సగం ఎట్లా అయిందో నాకే తెలియదు.

మార్చి 14

రేకు తలుపు వచ్చింది. ఇన్నాళ్లూ తడికే. లోపలి గడియ వద్దన్నాను. ఆమె పడ్డప్పుడు తడిక కాబట్టి తోసుకుని పోయాను. గడియ వేసుకుని పడితే?

"గడియ లేని తలుపు ఎందుకే పిల్లా? దిష్టికా?" అంది అత్తమ్మ. అన్నం ముట్టలేదు. కంచం తీస్తుంటే మెల్లగా అంది, "నెలనుంచి నా ఒళ్లు నాది గాదు."

ఆయన "మీరిద్దరూ తేల్చుకోండి" అని పొదిలి సంతకు పోయారు.

మార్చి 15

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. ఇల్లంతా సున్నం వాసన.

మార్చి 16

ఓబులేసును పిలిచి గడియ పెట్టమన్నాను. కిందికి... నేల మీద పడి ఉన్నా చెయ్యి అందేలా.

"ఇదెక్కడి గడియ వదినా, కోళ్లగూటికి పెట్టినట్ల!"

"కోళ్లగూడే అనుకో. పెట్టు."

అత్తమ్మ వింటోంది. సాయంత్రం నా పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది.

మార్చి 17, సోమవారం

కాగులో నీళ్లు కాచి లోపల పెట్టాను. అత్తమ్మ గోడ పట్టుకుని గడప దాటింది. కర్ర నా చేతికిచ్చింది. వంగలేక వంగి గడియ వేసుకుంది — ఆ చప్పుడు విన్నాను.

వసారాలో కూర్చున్నాను. చేట ఒళ్లో ఉంది, చేటలో ఈ పుస్తకం. చెంబు చప్పుడు. మళ్లీ చెంబు. గోడ కింది తూములోంచి నీళ్లు వస్తున్నాయి, కొంచెం తెల్లగా, నా సున్నమే.

చప్పుడు ఆగింది.

"అత్తమ్మా?"

"ఆడనే కూచున్నావా ఏంది? పోయి నీ పని చూసుకోపో."

సరే అన్నాను. లేవలేదు.

మళ్లీ చెంబు. నీళ్లు. ఆ తర్వాత ఏమీ లేదు... తూము దగ్గర ధార సన్నబడి చుక్కలైంది. పిలిస్తే తిడుతుంది. గడియ ఇంకా తియ్యలేదు. పడ్డ చప్పుడైతే వినలేదు, ఇంకాసేపు ఇక్కడే ఆగుతాను.