కాలిన తాళంకప్ప

మంత్రిగారికి మీ పాత గుమాస్తా నమస్కరించి రాసేది.

ప్లీడరుగా మీకు పేరు తెచ్చిన బట్టల ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం కేసు గుర్తుందా? కాలిన తాళంకప్పను జడ్జిగారి ముందు పెట్టి, "పదకొండు మందిని చంపింది ఇదండీ" అన్నారు. గెలిచాం.

ఇప్పుడు మా అమ్మాయి అక్కడే, మూడో అంతస్తులో కుట్టుపని చేస్తోంది. తనిఖీలు అక్కర్లేదని మీరు సంతకం చేసిన ఉత్తర్వును యజమాని గోడకు తగిలించాడట. వారం నుంచి వైర్లు కాలుతున్న వాసన వస్తోందని చెబితే, "మంత్రిగారొచ్చి వెళ్లాక చూద్దాంలే" అన్నాడట.

రేపు మీ సభ ఆ అంతస్తులోనే. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ జారుకోకుండా తలుపులకు బయటినుంచి తాళం వేస్తారట. మైకు అందుకునేముందు దయచేసి తలుపులు తీయించండి.

కోర్టు తిరిగిచ్చిన ఆ తాళంకప్పను ఇన్నాళ్లూ నేనే దాచాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇంకొకటి దాచే ఓపిక నాకు లేదు.